పత్రి వేళ పూసే తెల్ల ఆర్కిడ్: కొండవాలు గడ్డిలో హబెనేరియాను వెతికి, గుర్తుపట్టి, కాపాడుకోవడం ఎలా

వినాయక చవితికి పత్రి కోసం జనం కొండవాలు ఎక్కే రోజుల్లోనే ఈ పువ్వు పూస్తుంది. చూపంతా మారేడు మీద, ఉత్తరేణి మీద ఉంటుంది కాబట్టి కాళ్ల దగ్గర ఏముందో ఎవరూ పట్టించుకోరు. గడ్డి మధ్యలోంచి జానెడు నుంచి మూరెడు దాకా లేచిన సన్నటి కాడ, పై సగంలో విడివిడిగా తెల్లపూలు, కాడ మొదట్లో నేల మీద పరుచుకున్న నాలుగైదు ఆకులు. అదే హబెనేరియా ప్లాంటాజీనియా. చెట్టు కొమ్మను పట్టుకుని వేలాడే రకం కాదు, మట్టిలో దుంప పెట్టుకుని బతికే ఆర్కిడ్.

దీనికీ తెలుగు నేలకూ పాత సంబంధమే ఉంది. సామర్లకోటలో తోట వేసుకుని ఇక్కడి ఎన్నో మొక్కలకు బొమ్మలు గీయించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దీన్ని వర్ణించి ఆర్కిస్ ప్లాంటాజీనియా అని పేరు పెట్టాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన తెచ్చిన సంపుటాల్లో మొదటిది 1795లో వెలువడింది. తర్వాత 1835లో జాన్ లిండ్లీ అనే ఇంగ్లిషు వృక్షశాస్త్రవేత్త దీన్ని హబెనేరియా ప్రజాతిలోకి మార్చాడు. అంటే శాస్త్రానికి తెలిసి 200 ఏళ్లు దాటింది. మన ఊళ్ల పక్కన ఉన్నవాళ్లకే ఇంకా తెలియదు.

దీన్ని ఎలా వెతకాలి, ఎలా పోల్చుకోవాలి, చూశాక ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట: తవ్వి తెచ్చుకోవడం ఎలా అన్నది ఇందులో ఉండదు. ఎందుకు ఉండదో కూడా చెబుతాను.

కాలం చూసుకోండి

ఏడాదిలో సగం రోజులకు పైగా ఈ మొక్క నేల పైన ఉండదు. మే నెలలో అదే చోట నిలబడితే మీకు కనిపించేది ఎండు గడ్డి, గులకరాళ్లు, రాలిన టేకాకులు. దుంప మాత్రం మట్టిలో కొద్ది అంగుళాల లోతున పడుకుని ఉంటుంది. తొలకరి పడి, నేల రెండుమూడు సార్లు లోపలిదాకా తడిశాక ఆకులు విచ్చుకుంటాయి. ఆ ఆకుల మధ్యలోంచి కాడ లేస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పూల కాలం. ఆ తర్వాత కాయలు, చలి ముదిరేసరికి ఆకులు పసుపెక్కి మాయం.

క్యాలెండరును కాకుండా వానను చూసి లెక్కేసుకోండి. జూన్‌లోనే గట్టిగా వానలు పడిన ఏడు ముందే పూస్తాయి, తొలకరి ఆలస్యమైతే పూలూ వెనక్కి జరుగుతాయి. చిత్తూరు, తిరుపతి వైపు అక్టోబరు, నవంబరులో కూడా వానలుంటాయి గనక అక్కడ మొక్క పచ్చగా మరికొన్నాళ్లు నిలుస్తుంది. ఒక్కసారి మాత్రమే వెళ్లే వీలుంటే చవితికీ దసరాకూ మధ్య వెళ్లండి. రెండుసార్లు వెళ్లగలిగితే ఇంకా మంచిది, రెండోసారి ఎందుకో కింద చెబుతాను.

చోటు, అనుమతి

బాగా నీడ పడే అడవిలో వెతికితే దొరకదు, చెట్టు లేని బట్టబయలులో కూడా తక్కువే. ఈ రెంటికీ మధ్య ఉండే చోటు కావాలి. చెట్లు దూరం దూరంగా ఉండి, వాటి మధ్య మోకాలి లోపు గడ్డి పెరిగి, ఆకుల సందుల్లోంచి ఎండ నేల దాకా దిగే పొడి ఆకురాల్చే అడవి. నల్లమద్ది, చిరుమాను, తునికి, సారపప్పు చెట్లున్న వాలులు, అక్కడక్కడా బోదగడ్డి గుబుర్లు, నీళ్లు నిలవకుండా జారిపోయే గులక కలిసిన ఎర్రనేల. తూర్పు కనుమల పొడుగునా ఇలాంటి వాలులున్నాయి. ఈ హబెనేరియాకు దగ్గరి చుట్టమైన హబెనేరియా రాక్స్‌బర్గీ కూడా ఇలాంటి చోట్లే ఉంటుంది.

నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లోకి వస్తుంది. శేషాచలంలో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం ఉంది. వీటిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. వానాకాలంలో మూసి ఉంచితే తెరిచేదాకా ఆగాల్సిందే. రిజర్వు ఫారెస్టులో మొక్కను పీకడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. నిజానికి అభయారణ్యం దాకా వెళ్లక్కర్లేదు. ఊరి పక్క గుట్ట, గుడి ఉన్న కొండ, పశువులు మేసే బీడు, మామిడి తోట వెనక వదిలేసిన వాలు, వీటిని ముందు చూడండి. అక్కడ మీరు మళ్లీ మళ్లీ వెళ్లగలరు. ఒకే చోటికి నాలుగేళ్లు వెళ్లినవాళ్లకు తెలిసే సంగతులు నాలుగు చోట్లకు ఒక్కోసారి వెళ్లినవాళ్లకు తెలియవు.

తోడుగా ఊళ్లో గొర్రెలో మేకలో కాసే మనిషిని పిలవండి. పేరు తెలియకపోయినా 'వానల్లో తెల్లగా పూస్తుంది, కాడ ఒక్కటే ఉంటుంది, ఆకులు నేలకు అంటుకుని ఉంటాయి' అని చెబితే ఏ వాలు మీద చూశారో వాళ్లు చెప్పేస్తారు. నల్లమలలో చెంచులను అడిగే అవకాశం వస్తే వినడం మీ పని, సరిదిద్దడం కాదు. వాళ్లకు ఏ గడ్డ ఎప్పుడు మొలుస్తుందో తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. వాళ్లు చెప్పింది ఎక్కడైనా రాస్తే అడిగి రాయండి.

పట్టుకెళ్లాల్సినవి: పాదం మొత్తం కప్పే బూట్లు, పొడుగు చేతుల చొక్కా, నీళ్లు, ఒక చేతికర్ర, చిన్న ప్లాస్టిక్ స్కేలు, నోటుపుస్తకం, పెన్సిల్. పెన్ను వానలో కారిపోతుంది. గడ్డిలో రక్తపింజరి ఉంటుంది, కాబట్టి అడుగు వేసే ముందు కర్రతో తట్టండి, చెయ్యి పెట్టే ముందు చూడండి. పశువులు తిరిగే చోట పిడుదులు పడతాయి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర ఒకసారి చూసుకోండి.

వెతికే తీరు

నిలబడి చూస్తే కనపడదు. నడుస్తూ చూస్తే అసలే కనపడదు. వాలు కింది నుంచి మొదలుపెట్టి, పది అడుగులు వేసి, గొంతుక్కూర్చుని, కంటి ఎత్తులో గడ్డి మీదుగా చూడండి. పొద్దున ఎనిమిది లోపు, సూర్యుడు ఇంకా పక్కగా ఉన్నప్పుడు, తెల్లపూల కాడలు గడ్డిలోంచి తేలినట్టు కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ తెలుపు గడ్డి మెరుపులో కలిసిపోతుంది.

ఒక్కటి కనిపించగానే పరుగెత్తకండి. ఇదే అన్నిటికంటే ముఖ్యమైన సూచన. ఒకటి ఉందంటే చుట్టూ పూలు లేని మొక్కలు ఇంకా ఉంటాయి, అవి నేలకు అంటుకున్న ఆకులే కాబట్టి మీ బూటు కిందికే వస్తాయి. ఉన్న చోటే ఆగి, మీ పాదాల చుట్టూ ఒకసారి చూసి, రాళ్ల మీద అడుగు వేసుకుంటూ దగ్గరికి వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు అవే అడుగుల్లో రండి. నలుగురు వెళ్తే నలుగురూ ఒకే బాటలో నడవాలి, ఒకరు చూసి వెనక్కి వచ్చాక ఇంకొకరు వెళ్లాలి.

పూలు లేనప్పుడు ఆకులతోనే పోల్చుకోవడం కష్టం. వానాకాలంలో ఏకదళ బీజ మొక్కలు చాలా మొలుస్తాయి. నేలతాడి ఆకులు పొడుగ్గా, మడతలు పడినట్టు, తాటిపిలకలా నిలబడతాయి, పూలు పసుపు. అడవిఉల్లి ఆకులు పట్టీల్లా సాగుతాయి. హబెనేరియా ప్లాంటాజీనియా ఆకులు కోలగా, నున్నగా, కొన వైపు మొనదేలి, కాడ మొదట్లో గుండ్రంగా పరుచుకుంటాయి. రాక్స్‌బర్గీ ఆకులు ఇంకా వెడల్పు, దాదాపు గుండ్రం, నేలకు అతికించినట్టే ఉంటాయి, వేలు దూర్చడానికి సందు ఉండదు. ఒంటరిగా ఒకే ఒక్క హృదయాకారపు ఆకు కనిపిస్తే అది నెర్విలియా అనే ఇంకో నేల ఆర్కిడ్ కావచ్చు. దాని పద్ధతి తలకిందులు: తొలి వానలు పడగానే మొదట పువ్వు పూసి వాడిపోతుంది, ఆకు తర్వాత వస్తుంది. అందుకే పువ్వూ ఆకూ కలిపి చూసినవాళ్లు అరుదు.

ఆకులతో అనుమానం తీరకపోతే తీరలేదని రాసుకోండి. పీకి దుంప చూసి తేల్చుకోవద్దు.

పువ్వును చదవడం

ఇక్కడ నిదానంగా ఉండండి. ఈ మొక్క ఇచ్చే ఆనందమంతా ఇక్కడే ఉంది. కాడను పట్టుకోకుండా, మీ తలను పువ్వు ఎత్తుకు దించండి. అవసరమైతే పక్కనున్న రాయి మీద మోచెయ్యి ఆనించండి.

మొదట పువ్వు వెనక్కి చూడండి. పువ్వును కాడకు కలుపుతూ ఉన్నది తొడిమ అనుకుంటాం. చాలావరకు అది అండాశయం, రేపు కాయ అయ్యేది అదే. దాని మీద గీతలు నిటారుగా ఉండవు, తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంటాయి. మొగ్గ విచ్చుకునే ముందు పువ్వు తన చుట్టూ తాను సగం తిరుగుతుంది, అలా తిరగడం వల్లే పైన ఉండాల్సిన పెదవి కిందికి వస్తుంది. ఆ మెలి కనిపించిందంటే మీ ముందున్నది ఆర్కిడేనన్న నమ్మకం సగం కుదిరినట్టే.

ఇప్పుడు ముందు నుంచి. మూడు రక్షకపత్రాల్లో మధ్యది, రెండు సన్నటి ఆకర్షకపత్రాలు కలిసి పైన చిన్న గొడుగులా వంగుతాయి. మిగతా రెండు రక్షకపత్రాలు పక్కలకు వెళ్తాయి. కింద ఉండేది పెదవి, రకాన్ని తేల్చేది ఇదే. ప్లాంటాజీనియాలో పెదవి మూడు పాయలు. పక్క పాయలు రెండూ విసనకర్రల్లా వెడల్పుగా ఉంటాయి, వాటి అంచు గీకినట్టు కొంచెం చీలి ఉంటుంది. మధ్య పాయ మాత్రం సన్నటి పట్టీ. మూడు పాయలూ సన్నగా దారాల్లా ఉండి, పూలు కాడ చుట్టూ గుమిగూడి ఉంటే రాక్స్‌బర్గీ వైపు ఆలోచించండి. ఇవి కాక ఆకుపచ్చ పూల హబెనేరియాలు కూడా ఉన్నాయి. ప్రపంచం మొత్తంలో ఈ ప్రజాతిలో 800కు పైగా రకాలున్నాయి కాబట్టి మన గుట్ట మీదున్నది ఈ రెండే అని ముందుగానే నిర్ణయించుకోవద్దు.

పెదవి వెనక నుంచి కిందికి వేలాడే సన్నటి గొట్టమే స్పర్. అండాశయం కన్నా పొడుగు, చివరికొచ్చేసరికి కొంచెం లావు. పొద్దుటి వెలుతురుకు ఎదురుగా చూస్తే ఆ గొట్టం లోపల ఒక గీత దాకా ద్రవం నిండి ఉండటం బయటికే తెలుస్తుంది. అది మకరందం. అంత లోతున ఉన్నది తేనెటీగకు అందదు. పొడుగు తొండం ఉన్నదానికే అందుతుంది.

ఇంకా దగ్గరికి వెళ్లగలిగితే, భూతద్దం ఉంటే మంచిది, గొడుగు కింద పువ్వు నోటి పక్కన రెండు వైపులా చిన్న సంచుల్లో పసుపు పుప్పొడి ముద్దలు చూడండి. ఆర్కిడ్ పుప్పొడి పొడిలా రాలదు, ముద్దగా ఉంటుంది, ప్రతి ముద్దకూ ఒక కాడ, ఆ కాడ చివర జిగురు బిళ్ల. వచ్చిన పురుగు తొండానికో కళ్లకో ఆ బిళ్ల అంటుకుని ముద్ద మొత్తం ఊడి వెళ్లిపోతుంది. అందుకే వేలితో, పుల్లతో అక్కడ తాకకూడదు. తాకితే ముద్ద మీ పుల్లకే అంటుకుంటుంది, ఆ పువ్వు వంతు అక్కడితో అయిపోతుంది. చూసి మాత్రం ఒక లెక్క రాసుకోండి: ఎన్ని పూలలో ముద్దలు ఉన్నాయి, ఎన్నిటిలో సంచులు ఖాళీ. ఖాళీ సంచి అంటే రాత్రి ఎవరో వచ్చి వెళ్లారని అర్థం.

సాయంత్రం ఉండగలిగితే

అనుమతి ఉన్న చోట, ఊరికి దగ్గరి గుట్ట అయితే, చీకటి పడే వేళ అరగంట కూర్చోండి. తెల్లరంగు, పొడుగు గొట్టం, చీకటి పడ్డాక వచ్చే వాసన, ఇవన్నీ రాత్రి తిరిగే మాత్‌ల కోసం. దీపం చుట్టూ తిరిగే పురుగుల జాతే ఇవి. వాటిలో హాక్‌మాత్‌లు గాలిలో నిలబడి రెక్కలాడిస్తూ తొండం దింపుతాయి. టార్చి నేరుగా పువ్వు మీద వేయకండి, వచ్చేది కూడా రాకుండా పోతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, నేల వైపు తిప్పి పెట్టుకోండి. చాలాసార్లు ఏమీ రాదు. ఏమీ రాలేదని రాసుకోవడం కూడా సమాచారమే. దోమలకు ఒంటికి రాసుకునే మందు ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లండి, పువ్వు పక్కన చల్లొద్దు.

ఫొటోలు

ఒక మొక్కకు నాలుగు ఫొటోలు చాలు: చుట్టూ గడ్డితో సహా మొక్క మొత్తం, పైనుంచి ఆకులు, ఒక పువ్వు ఎదురుగా, అదే పువ్వు పక్కనుంచి స్పర్ పూర్తిగా కనిపించేలా. ఈ నాలుగోది లేకపోతే నిపుణులు కూడా పేరు చెప్పలేరు, అందరూ మర్చిపోయేది కూడా ఇదే. ఒక ఫొటోలో పక్కన స్కేలు పెట్టండి, కాడకు ఆనించకుండా.

అడ్డం వచ్చిన గడ్డిని పీకవద్దు. ఆ గడ్డే మొక్కను మేకల నోటి నుంచి దాస్తోంది. ఒకటి రెండు పోచలు అడ్డొస్తే వేలితో పక్కకు వంచి పట్టుకుని, ఫొటో తీశాక వదిలేయండి. ఆకుల మీది మట్టి తుడవక్కర్లేదు. నీళ్లు చల్లి మంచుబిందువులు తెప్పించే పని అసలే వద్దు. బోర్లా పడుకుని తీయాలనుకుంటే ముందు మీ ఒళ్లు పడే చోటంతా చెయ్యి పెట్టి చూసుకోండి, అక్కడ ఇంకో మొక్క లేదని తేలాకే పడుకోండి.

రాసుకోవడం, చోటు దాచడం

నోటుపుస్తకంలో తేదీ, వాలు ఏ దిక్కుకు ఉంది, చుట్టూ ఏ చెట్లు, మట్టి ఎలా ఉంది, పూసినవి ఎన్ని, పూయకుండా ఆకులే ఉన్నవి ఎన్ని, మేత ఆనవాళ్లు, అడవిపంది కెలికిన గుర్తులు. పది మీటర్ల తాడుతో నలుచదరంగా ఒక గడి గుర్తుపెట్టుకుని దానిలోపలే లెక్కపెడితే వచ్చే ఏటి లెక్కతో పోల్చవచ్చు. మూలల్లో మేకులు దిగ్గొట్టకండి, పెద్ద రాయినో చెట్టునో గుర్తుగా రాసుకోండి.

ఇంటికొచ్చాక ఐన్యాచురలిస్ట్‌లో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ పెట్టండి, రెండూ మొక్కల, జంతువుల ఫొటోలు నమోదు చేసే వెబ్‌సైట్లు. పేరు సరిచూసేవాళ్లు అక్కడున్నారు. కానీ పెట్టేటప్పుడు చోటును మరుగుపరిచే ఎంపిక నొక్కడం మర్చిపోవద్దు. ఐన్యాచురలిస్ట్‌లో అలా చేస్తే మ్యాపులో గుర్తు అసలు చోట కాకుండా ఇరవై కిలోమీటర్ల చుట్టుపక్కల ఎక్కడో పడుతుంది. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో జిల్లా పేరు దాకా చెప్పండి, గుట్ట పేరు చెప్పకండి. ఫొటో వెనక రాయి మీద గుడి బొమ్మో, బోర్డో కనిపిస్తుంటే కత్తిరించి పెట్టండి. మంచి ఉద్దేశంతో పదిమంది చూడటానికి వచ్చినా పది జతల బూట్లు వస్తాయి. ఉద్దేశం మంచిది కానివాళ్లు గునపంతో వస్తారు.

ఈ భయం ఊరికే చెబుతున్నది కాదు. ఆర్కిడ్ దుంపలకు మందుల వ్యాపారంలో గిరాకీ పాతదే. సాలాబ్ మిశ్రీ పేరుతో అమ్మే గడ్డలు నేల ఆర్కిడ్‌లవే. ఆయుర్వేదంలో అష్టవర్గం అనే ఎనిమిది మూలికల గుంపులోని ఋద్ధి, వృద్ధి అనేవి హిమాలయాల హబెనేరియాలేనని చెబుతారు, అక్కడ వాటిని తవ్వి తవ్వి తగ్గించేశారు. ఆఫ్రికాలో జాంబియా, టాంజానియాల్లో హబెనేరియా, డైసా, సాటిరియం అనే నేల ఆర్కిడ్‌ల దుంపలను చికాండా అనే వంటకం కోసం గోనెసంచుల్లో తరలిస్తారు. అంతర్జాతీయ వాణిజ్యాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం ఆర్కిడ్ కుటుంబం మొత్తాన్ని తన జాబితాల్లో పెట్టుకుంది.

ఎందుకు తవ్వకూడదు

హబెనేరియాకు మట్టిలో ఒక సమయంలో రెండు దుంపలుంటాయి. ఒకటి నిరుటిది, ఈ ఏటి ఆకులను, పూలను పోషిస్తూ కరిగిపోతున్నది. రెండోది వచ్చే ఏటి కోసం ఈ ఆకులు సంపాదించి నింపుతున్నది. పూసినప్పుడు తవ్వితే పాతది ఖాళీ, కొత్తది ఇంకా నిండలేదు. అంటే పువ్వు కంటబడి మనసుపడే ఆ వారమే దాన్ని కదిలించడానికి అన్నిటికంటే చెడ్డ సమయం.

దీనికి తోడు మట్టి. ఆర్కిడ్ గింజ దుమ్ము రేణువంత ఉంటుంది, వడ్లగింజలో ఉన్నట్టు దానిలో తిండి దాచిపెట్టి ఉండదు. మట్టిలో ఉండే ఒక రకం శిలీంధ్రం దానిలోకి ప్రవేశించి తిండి అందిస్తేనే మొలుస్తుంది. ఈ సంగతిని 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త చక్కెర కలిపిన మాధ్యమంలో శిలీంధ్రం లేకుండానే గింజలు మొలిపించే దారి చూపాడు, నేటి ఆర్కిడ్ ల్యాబులన్నీ ఆ దారినే వచ్చాయి. మీ కుండీలో ఆ శిలీంధ్రమూ లేదు, ఆ ల్యాబూ లేదు. మొక్క ఒకటి రెండేళ్లు ఉన్న తిండితో నెట్టుకొచ్చినా దాని గింజలు అక్కడ మొలవవు.

ఇంట్లో నేల ఆర్కిడ్ పెంచుకోవాలన్న కోరిక మంచిదే. నర్సరీలో గ్రౌండ్ ఆర్కిడ్ అని అడగండి. ఎక్కువగా ఇచ్చేది స్పాథోగ్లాటిస్, ఊదా, పసుపు, తెలుపు రంగుల్లో ఉంటుంది. ఇసుక, కొబ్బరిపొట్టు, బాగా మాగిన ఆకు ఎరువు కలిపిన తేలిక మట్టి, పొద్దుటి ఎండ, నీళ్లు నిలవని కుండీ ఉంటే మన వాతావరణంలో ఏడాదంతా పూస్తూనే ఉంటుంది. అడవి నుంచి తెచ్చామని గొప్పగా చెప్పే వ్యాపారి దగ్గర మాత్రం కొనకండి.

రెండోసారి వెళ్లండి

పూలు చూసిన ఐదారు వారాలకు అదే చోటికి వెళ్లండి. ఈసారి కాయలు లెక్కపెట్టాలి. మొన్న రాసుకున్న ఖాళీ సంచుల లెక్క పక్కన ఇప్పుడు కాయల సంఖ్య రాస్తే, మాత్‌లు ఆ వాలు మీద ఎంత బాగా తిరుగుతున్నాయో తెలుస్తుంది. పూలు బాగా పూసి కాయలు దాదాపు లేకపోతే ఆలోచించాల్సిన విషయమే. చుట్టుపక్కల రాత్రంతా వెలిగే దీపాలు వచ్చాయా, పక్క చేలో పురుగుమందు కొట్టారా అని చూడండి. ఎండిన కాయ నిలువుగా చీలి గింజలు గాలికి పోతాయి. కాయ కోసి గింజలు చల్లి సాయం చేద్దామనుకోకండి, గాలి ఆ పని చేస్తుంది.

మీ పొలం గట్టునో తోటలోనో ఉంటే

ఇది అదృష్టం. పెద్ద ఖర్చు లేకుండా కాపాడవచ్చు. జూన్ నుంచి కాయలు చీలేదాకా ఆ చిన్న జాగాలో గడ్డి కోయకండి, పశువులను కట్టకండి. నవంబరు చివరికో డిసెంబరుకో ఆకులు ఎండిపోయాక గడ్డి కోసుకోండి, మేపుకోండి. అలా కోయడం మొక్కకు మంచిది కూడా. అసలు కోయకుండా వదిలేస్తే గడ్డి గుబురెక్కి, లంటానా పాకి నేలకు వెలుతురు అందదు. వయ్యారిభామ మొలిస్తే పూత రాకముందే చేత్తో పీకండి, గ్లైఫోసేట్ కలుపుమందు కొట్టకండి, అది దేనినీ వదలదు. ట్రాక్టరు దారి ఆ పక్కగా తిప్పగలిగితే తిప్పండి. బస్తాల ఎరువు ఆ జాగాలో వేయకండి, బక్కనేలలో పుట్టిన మొక్క ఇది, ఎరువు వేస్తే బలిసేది చుట్టూ ఉన్న గడ్డే. పొలంలో పనిచేసేవాళ్లకు మొక్కను ఒకసారి దగ్గరుండి చూపించండి. చూపించకుండా 'అక్కడ కోయొద్దు' అంటే కోత రోజు ఎవరికీ గుర్తుండదు.

వచ్చే ఏడు లెక్క తగ్గితే వెంటనే బెంగపడకండి. నేల ఆర్కిడ్‌లు ప్రతి ఏటా పూయవు, పూసిన మరుసటి ఏడు ఆకులతోనే ఊరుకునేవి ఉంటాయి, కొన్ని అసలు పైకి రాకుండా దుంపగానే ఏడాది గడిపేస్తాయి. వాన తక్కువైన ఏడు ఇది ఎక్కువ. అందుకని ఒక ఏడు కనపడలేదని ఆ జాగాను దున్నేయకుండా, నోటుపుస్తకంలో సున్నా రాసి, కనీసం మూడు వానాకాలాలు చూడండి.